పాటా మాటా: ఊపిరి చాలట్లేదా, ఖర్చెక్కువైందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ మెయిల్సూ చూస్తే చాలామంది అడిగింది ఒకటే, పాడుతుంటే ఊపిరి చాలట్లేదు ఏం చెయ్యాలి అని. అందుకే శ్రుతి బాక్సుల ప్రశ్నలు, పోటీల పాటల ప్రశ్నలు వచ్చే నెలకి పక్కన పెట్టేసి, ఈసారి మొత్తం ఊపిరి సంగతే చూద్దాం. ఒకేలాంటి ప్రశ్నలు ఉన్నచోట ఒకటే తీసుకున్నాను, మీ ఉత్తరం కనపడలేదని అలగకండి, జవాబు ఎక్కడో ఒకచోట తగులుతుంది.

మేడంగారూ, నాకు 38 ఏళ్లు. చిన్నప్పుడు గీతాల దాకా నేర్చుకుని పెళ్లితో వదిలేశాను, పిల్లలు పెద్దవాళ్లయ్యారని మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు మోహన వర్ణం నడుస్తోంది. పల్లవిలో ఒక ఆవర్తనం కూడా పూర్తి కాకుండానే ఊపిరి అయిపోతోంది. మా గురువుగారు "బొడ్డు దగ్గర్నుంచి పాడమ్మా" అంటారు, అదెలాగో నాకు అర్థం కాదు, అడిగితే సాధన చేస్తే అదే వస్తుంది అంటారు. రోజూ గట్టిగా పీల్చి బిగబట్టడం ప్రాక్టీస్ చేస్తున్నాను, తల తిరుగుతోంది తప్ప లాభం లేదు.
– ఒక గృహిణి, తెనాలి

అమ్మా, ముందు ఆ బిగబట్టడం ఈరోజే ఆపేయండి. తల తిరుగుతోందంటే అది ఒంటికి పడట్లేదనే కదా, పైగా దానివల్ల పాటకి ఒరిగేదీ ఏమీ లేదు.

చిన్న లెక్క వేద్దాం. ఆది తాళం ఒక చుట్టు, అంటే ఒక ఆవర్తనం, ఎనిమిది అక్షరాలు (తాళం లెక్కలు). అక్షరానికి ఒక సెకను చొప్పున వేసుకున్నా ఆవర్తనం మొత్తం 8 సెకన్లు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా తమకి హాయిగా ఉన్న స్వరం మీద "ఆ" అని పట్టుకుంటే మామూలుగా 15 సెకన్ల దాకా నిలుస్తుంది, కొంతమందికి 20, 25 కూడా, సంగీతం ముక్క రాకపోయినా సరే. మరి 15 సెకన్ల గాలి ఉన్న మనిషికి 8 సెకన్ల లైను దగ్గర ఎందుకు చాలట్లేదు అంటే, గాలి లేక కాదు, మొదటి రెండు మూడు అక్షరాల మీదే సగం పోతోంది కాబట్టి. ఒకటో తారీకు జీతం వస్తే ఐదో తారీకుకే అయిపోయే ఇల్లు చూస్తుంటాం కదా, అచ్చం అదే కథ, అక్కడ జీతం పెరిగినా ఐదో తారీకుకే అయిపోతుంది. మీరు ఇన్నాళ్లూ జీతం పెంచే పని మీదే ఉన్నారు.

నమ్మకం కుదరకపోతే అరచెయ్యి నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని మీ వర్ణం మొదటి మాట "నిన్నుకోరి" అని ఎత్తుకోండి. మొదటి "ని" దగ్గరే చేతికి వెచ్చటి గాలి గట్టిగా తగిలితే అది పాట కాకుండా పోయిన గాలి. బాగా పాడేవాళ్లు పాడుతుంటే చేతికి తగిలే గాలి చాలా తక్కువగా ఉంటుంది.

ఇలా ఎందుకు పోతుందంటే, చాలావరకు మనం ఎక్కువ పీల్చడం వల్లే పోతుంది, వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ నిజం. ఊపిరితిత్తుల్ని నిండా నింపేస్తే అవీ, పక్కటెముకలూ వాటంతట అవే వెనక్కి ముడుచుకోవాలని చూస్తాయి, ఆ తోపుడంతా వెళ్లి గొంతులో ఉన్న స్వర తంత్రుల మీద పడుతుంది. అవి ఆడవాళ్లలో సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర మధ్య ఉంటాయి, అంతే, అంత చిన్నవి అంత గాలిని ఎంతసేపని ఆపుతాయి? అయితే వదిలేస్తాయి, గాలి గొంతు వస్తుంది, లేదంటే బిగుసుకుంటాయి, కీచుగా వస్తుంది. అందుకే వర్ణం ఎత్తుకునే ముందు నిండా పీల్చకండి. మామూలుగా మాట్లాడబోతూ పీల్చే ఊపిరి కంటే ఒక పిసరు ఎక్కువ చాలు.

ఇక బొడ్డు సంగతి. మీ గురువుగారు చెప్పింది తప్పు కాదు, మన పెద్దవాళ్లందరూ అలాగే చెప్పారు, కానీ గాలి పొట్టలోకి పోదు కదా, ఊపిరితిత్తులు పక్కటెముకల లోపలే ఉంటాయి. వాటి కింద డయాఫ్రం అని వంపు తిరిగిన పెద్ద కండరం ఉంటుంది, మనం పీల్చినప్పుడు అది కిందికి దిగుతుంది, దిగితే దాని కిందున్న పేగులూ అవీ చోటు లేక ముందుకి జరుగుతాయి, పొట్ట ఉబ్బుతుంది. అంటే పొట్ట ఉబ్బడం ఊపిరి లోతుగా వెళ్లిందనడానికి గుర్తు, అంతవరకే. భుజాలు లేచి పొట్ట లోపలికి పోతుంటే మాత్రం ఊపిరి పైపైనే ఆగిపోతోందని లెక్క. ఇప్పుడు అసలు పని, పాడేటప్పుడు ఆ పొట్ట, ఆ నడుము పక్కలు గభాల్న కూలిపోకుండా నెమ్మదిగా లోపలికి వెళ్లనివ్వడం. "బొడ్డు దగ్గర్నుంచి" అన్నమాటలో ఉన్నదంతా ఇదే.

నేర్చుకోవడానికి చాప మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఓ లావుపాటి పుస్తకం పెట్టుకోండి. పీలిస్తే పుస్తకం లేవాలి, తర్వాత "స్స్స్" అని సన్నగా వదులుతుంటే పుస్తకం తెలిసీ తెలియనట్టు దిగాలి, ధబ్బున కాదు. పడుకుని వచ్చాక గోడకి ఆనుకుని బాసింపట్టు వేసుకుని అదే చెయ్యండి, బొటనవేళ్లు వెనక్కి, మిగతా వేళ్లు ముందుకి వచ్చేలా నడుం మీద చేతులు పెట్టుకుంటే పక్కలు విచ్చుకుంటున్నాయో లేదో తెలిసిపోతుంది. "స్స్స్" ఆఖరి బొట్టు దాకా లాగొద్దు, ఇంకా కాస్త ఉందనగానే ఆపేసి మళ్లీ పీల్చండి.

ఆ తర్వాత వర్ణం జోలికి పోకుండా సంగీతంలో మొట్టమొదటి పాఠం, మొదటి సరళి వరుస తీసుకోండి. నవ్వకండి, ఊపిరి సాధనకి అంతకంటే మంచి కొలత మన దగ్గర లేదు. మొదటి కాలంలో, అంటే నెమ్మది నడకలో, స రి గ మ ప ద ని స సరిగ్గా ఒక ఆవర్తనం. ఎక్కేది ఒక ఊపిరి, దిగేది ఒక ఊపిరి. అది హాయిగా ఉంటే ఎక్కీ దిగీ రెండూ ఒకే ఊపిరిలో. అదీ హాయిగా ఉంటే స్వరాల పేర్లు వదిలేసి అకారంతో, అంటే "ఆ" అంటూ. అదీ కుదిరాకే తాళం కొద్దిగా నెమ్మది చెయ్యండి. చాలామంది వేగం పెంచడమే సాధన అనుకుంటారు, ఊపిరి విషయంలో నెమ్మది చెయ్యడమే అసలు పరీక్ష.

ఇంకొక్కటి, వర్ణం పుస్తకంలో పెన్సిల్‌తో ఊపిరి ఎక్కడ తియ్యాలో టిక్కులు పెట్టుకోండి. "నిన్నుకో" అని లాగి ఊపిరి తీసి "రి" అంటే వినేవాడికి రెండు ముక్కలు వినపడతాయి. మాట అయ్యాక తియ్యాలి, లేదా కార్వ ఉన్న స్వరాన్ని, అంటే సాగదీసే స్వరాన్ని, ఓ పిసరు ముందు ముగించి ఆ సందులో తియ్యాలి. అయిపోయినప్పుడు తీసుకోవడం కాదు, అనుకున్న చోట తీసుకోవడం. అనుకున్న చోటికి ఇంకా గాలి మిగిలే ఉన్నా సరే, తీసుకోవాల్సిందే.

కోవిడ్ టైంలో డాక్టర్ కొనమన్నారని మూడు బంతులుండే పరికరం ఒకటి కొన్నాం. ఇప్పుడు దాంతో రోజూ ప్రాక్టీస్ చేస్తే పాటకి ఊపిరి పెరుగుతుందా? మూడు బంతులూ లేపేస్తున్నాను. పొద్దున్నే కపాలభాతి కూడా చేస్తాను.
– బ్యాంకు ఉద్యోగి, రాజమండ్రి

మూడు బంతులూ లేపుతున్నారంటే మీ ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి, సంతోషం. కానీ ఆ డబ్బా మీద రాసి ఉంటుంది చూడండి, 600, 900, 1200 అని, అవి సెకనుకి ఎన్ని సీసీల వేగంతో పీల్చారో చెప్పే అంకెలు. అంటే అది లోపలికి పీల్చే బలానికి. ఆపరేషన్ అయినవాళ్లకి, జబ్బు చేసి లేచినవాళ్లకి ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవడానికి ఇస్తారు, ఆ పనికి మంచిదే. పాటగాడి తిప్పలన్నీ బయటికి వదిలే దగ్గర కదా. పీల్చడం ఒక అర సెకను, వదలడం పది సెకన్లు, మన సాధనంతా ఆ పది సెకన్ల మీద ఉండాలి. కాబట్టి దాన్ని అటక మీద పెట్టెయ్యక్కర్లేదు గానీ దాని మీద ఆశలు పెట్టుకోకండి.

కపాలభాతిది ఇంకో తమాషా. అందులో ఊపిరి ఠక్ ఠక్‌మని పొట్టతో కొట్టి బయటికి పంపుతాం, లోపలికి అదే వస్తుంది. పాటకి కావాల్సింది దీనికి తలకిందులు, లోపలికి చప్పున తీసుకుని బయటికి నిదానంగా వదలడం. పొట్ట కండరాలకి మంచి వ్యాయామమే, మీకు అలవాటైతే చేసుకోండి, బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా చెయ్యొద్దు. కానీ అది చేసిన వెంటనే శ్రుతి పెట్టుకుని కూర్చోకండి, కాసేపు ఊపిరి దారికి రానివ్వండి. ప్రాణాయామంలో పాటకి నిజంగా పనికొచ్చేది నన్నడిగితే భ్రామరి. పెదాలు మూసుకుని సన్నగా "మ్‌మ్‌మ్" అంటూ వదలడం, ఊపిరి పొదుపూ, గొంతు వేడెక్కడమూ రెండూ ఒకేసారి జరిగిపోతాయి. మీ తంబూరా యాప్ ఆన్ చేసి ఆధార షడ్జం (కింది స) మీద చెయ్యండి, శ్రుతి కూడా కుదురుతుంది.

అమ్మా, నేను రిటైరైన టీచర్ని, 63 ఏళ్లు. పద్యనాటకాలంటే ప్రాణం, కృష్ణుడి వేషం వేస్తాను. ఇదివరకు "జెండాపై కపిరాజు" పద్యం పాడి రాగం తీస్తే వన్స్‌మోర్‌లు పడేవి. ఇప్పుడు పాదం మధ్యలోనే ఆయాసం వస్తోంది, రాగం రెండు మెలికలు తిరిగేసరికి అయిపోతోంది. యతి దగ్గర ఊపిరి తీసుకోమని ఒకాయన సలహా ఇచ్చారు. వయసు మీద పడింది, మానెయ్యమంటారా?
– పద్యాభిమాని, నరసన్నపేట

మాస్టారూ, మానెయ్యొద్దు. కానీ ముందు ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్లి రండి, ఇదివరకు రాని ఆయాసం ఇప్పుడు కొత్తగా వస్తోందంటే పాట సంగతి పక్కన పెట్టి గుండె, బీపీ, ఊపిరితిత్తులు చూపించుకోవాల్సిందే. మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే ఇంకా తొందరగా. అంతా బాగుందన్నాక మిగతాది చదవండి.

యతి దగ్గర ఊపిరి తియ్యమన్న ఆయన సంస్కృత శ్లోకం దృష్టిలో పెట్టుకుని చెప్పి ఉంటారు. అక్కడ యతి అంటే ఆగే చోటు, మాట కూడా అక్కడ తెగుతుంది. మన తెలుగు పద్యంలో యతి అక్షరాల మైత్రి, అంతే, మాట తెగాలన్న నియమం లేదు. మీ పద్యమే చూడండి, శార్దూలం, 13వ అక్షరం యతి. "జెండాపై కపిరాజు ముందు సితవాజి శ్రేణియుం గూర్చి నే" అన్నదాంట్లో వేళ్ల మీద లెక్కపెడితే పదమూడోది "జి". మొదటి "జెం"కీ ఆ "జి"కీ మైత్రి. ఇప్పుడు యతికి ముందు ఊపిరి తీస్తే ఏమవుతుంది? "సితవా" అని ఆగి "జిశ్రేణియుం" అని ఎత్తుకోవాలి. సితవాజి అంటే తెల్ల గుర్రాలు కదా, అవి రెండు ముక్కలైపోతాయి, హాల్లో నాలుగో వరసలో కూర్చున్న పెద్దాయన లేచి వెళ్లిపోతాడు.

పోనీ పాదం చివర తీద్దామా అంటే అక్కడా చిక్కే. పాదం "నే" అని ఆగింది, ఆ "నే" అన్నవాడు తర్వాతి పాదంలో "దండంబుం గొని తోలు స్యందనము మీద" అన్నదానికి చెందినవాడు. "గూర్చి నే" అని ఆగి ఊపిరి తీస్తే కృష్ణుడు ఏదో మర్చిపోయినట్టుంటుంది. నేనైతే "కపిరాజు" తర్వాత ఒక చిటికెడు, "గూర్చి" తర్వాత నిండుగా, మళ్లీ "నే" నుంచి ఎత్తుకుని "తోలు స్యందనము" దాకా వెళ్లేలా చూసుకోమంటాను. అంటే ఛందస్సు కాదు, అన్వయం (ఏ మాట ఏ మాటతో కలుస్తుందో) చూసి ఊపిరి తియ్యాలి. మీరు టీచరుగారు, మీకు నేను అన్వయం చెప్పక్కర్లేదు, పద్యాలన్నీ ఒకసారి కూర్చుని ఇలా గుర్తులు పెట్టుకుంటే సగం ఆయాసం అక్కడే తగ్గుతుంది. సీస పద్యాల్లో కాస్త సులువు, పాదం పొడుగైనా సగంలో సహజంగానే విరుపు ఉంటుంది, ఎక్కువసార్లు అర్థం కూడా అక్కడ సర్దుకుంటుంది.

రాగం సంగతి. చాలామంది చేసేది ఏంటంటే పద్యం ఆఖరి మాట మీద మిగిలిన గాలితోనే రాగం మొదలుపెట్టేస్తారు, వయసులో ఉన్నప్పుడు అది చెల్లిపోతుంది. ఇప్పుడు ఆఖరి మాట స్పష్టంగా ముగించండి, హార్మోనిస్టుగారికి ముందే చెప్పి ఉంచండి, ఆయన ఆ స్వరం అందుకుని ఒక మెలిక వాయిస్తారు, ఆ లోపల మీరు ప్రేక్షకుల్ని ఓసారి కలియజూసి (కృష్ణుడు కదా, చూడొచ్చు) ఊపిరి తీసుకుని అప్పుడు ఎత్తుకోండి. జనానికి అది ఆయాసంలా కాదు, ఠీవిలా కనిపిస్తుంది. మధ్యలో రాగంలో ప్రతి మెలికకీ ఇలాగే ఆయనా మీరూ పంచుకోండి. రాగం ఎంతసేపు లాగారన్నది గుర్తుండదండీ, ఎక్కడ ఆపారన్నది గుర్తుంటుంది.

చివరిగా శ్రుతి. మైకుల్లేని రోజుల్లో ఆఖరి వరసకి వినపడాలని హెచ్చు శ్రుతిలో పాడటం అలవాటైంది, ఆ అలవాటు మైకులొచ్చినా పోలేదు. వయసుతోపాటు పక్కటెముకలు కాస్త బిగుసుకుంటాయి, ఒక్క ఊపిరిలో వాడుకోగలిగే గాలి తగ్గుతుంది, అది అందరికీ జరిగేదే. ఒక అర శ్రుతి దించి పాడి చూడండి, అదీ చాలకపోతే ఒకటి. పై షడ్జం దగ్గర మెడ నరాలు ఉబ్బేలా బిగబట్టి తొయ్యడం మాత్రం వద్దు, అలా బిగిస్తే బీపీ పెరుగుతుంది. కిరీటం, నడికట్టు విషయంలో కూడా జాగ్రత్త, నడికట్టు గట్టిగా బిగిస్తే పొట్ట కదలక ఊపిరి పైపైనే ఉండిపోతుంది. రిహార్సల్ లుంగీలో చేసి నాటకం రోజున మాత్రం బిగించి కట్టుకుంటారు, తేడా ఎక్కడొచ్చిందో తెలియక కంగారుపడతారు.

మా పాపకి 9 ఏళ్లు, ఇండియాలో ఉన్న టీచర్ దగ్గర ఆన్‌లైన్‌లో సంగీతం నేర్చుకుంటోంది. పాడుతుంటే ప్రతి రెండు స్వరాలకీ భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. తనతో ఊపిరి బిగబట్టే ఎక్సర్‌సైజులు చేయించమంటారా?
– ఒక అమ్మ, డాలస్

వద్దమ్మా. 9 ఏళ్ల పిల్ల ఊపిరితిత్తులు ఇంకా పెరుగుతున్నాయి, పెద్దవాళ్ల కంటే ఎక్కువసార్లు ఊపిరి తియ్యడం ఆ వయసుకి సహజం. పెద్దవాళ్లు ఒకే ఊపిరిలో పాడే గీతం లైను తను రెండు ఊపిర్లలో పాడితే తప్పేమీ లేదు. భుజాలు ఎగరడం ఒక్కటే సరిచేద్దాం.

ముందు ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టారో చూడండి. చాలా ఇళ్లలో పిల్లలు సోఫాలో కూరుకుపోయి కిందున్న స్క్రీన్ మీదికి వంగి పాడుతుంటారు, కెమెరాలో టీచర్‌కి కనిపించేది ముఖం ఒక్కటే, మెడ కింద ఏం జరుగుతోందో ఆవిడకి తెలిసే దారే లేదు. నేల మీద చాప వేసి కూర్చోబెట్టి స్క్రీన్ కళ్ల ఎత్తుకి పెంచండి, నడుం దాకా కనపడేంత వెనక్కి జరపండి. సగం సంగతి టీచరే చూసి చెప్తారు.

ఎక్సర్‌సైజు అనే మాట కూడా తనతో అనకండి. పడుకుని పొట్ట మీద టెడ్డీబేర్ పెట్టుకుని దాన్ని పైకి లేపి నిద్రపుచ్చే ఆట ఆడండి. సబ్బు బుడగలు ఊదించండి, గట్టిగా ఊదితే పేలిపోతుంది, నెమ్మదిగా ఊదితే పెద్దదవుతుంది, గాలి పొదుపు గురించి మీరేం చెప్పక్కర్లేదు, బుడగే చెప్తుంది. పెదాలు అదురుతూ "బ్ర్ర్ర్" అని కారు నడిపినట్టు సరళి వరుసలు పాడించండి, గాలి తగ్గితే పెదాలు ఆగిపోతాయి, ఎక్కువైతే తుంపర్లు పడతాయి, ఇద్దరూ నవ్వుకుంటారు. పెద్ద పెద్ద గాయకులు కూడా స్టేజీ ఎక్కే ముందు ఇదే చేస్తారని చెప్పండి, అబద్ధం కాదు. ఇంకో మాట, పోటీలనీ ఈవెంట్లనీ పెద్దవాళ్ల పాటలు అదే శ్రుతిలో పాడించకండి. పిల్ల గొంతు చిన్నది, ఆ సందుకి ఆ గాలి చాలు.

నేను బి.టెక్ చదువుతున్నా, కరోకే యాప్‌లో పాటలు పాడి పెడుతుంటా. రికార్డింగ్ వింటే లైను లైనుకీ నా ఊపిరి "హుష్" అని వినిపిస్తోంది. ఇంకోటి మేడం, శంకర్ మహదేవన్ బ్రెత్‌లెస్ లాంటి పాట పాడాలని నా కోరిక, అంతసేపు ఊపిరి ఎలా ఆపాలి?
– విద్యార్థి, వరంగల్

బాబూ, ముందు రెండోదానికి చెప్తా, అది తేలిక. 1998లో వచ్చిన ఆ పాట మూడు నిమిషాలు దాటి ఉంటుంది, ఏ మనిషీ మూడు నిమిషాలు ఆగకుండా గాలి వదులుతూ పాడలేడు, పాటలో సందు వినపడకపోవడం వేరు, పాడేవాడు ఊపిరి తియ్యకపోవడం వేరు. స్టూడియోలో ముక్కలుగా పాడి కలపొచ్చు, స్టేజీ మీదైతే దొంగ ఊపిరి తీసుకోవచ్చు. దొంగ ఊపిరి అంటే మాట చివరి అక్షరాన్ని రవ్వంత ముందు ముగించి, నోరు మూయకుండానే, ఓ గుటకంత గాలి లోపలికి తీసుకుని లయ తప్పకుండా తర్వాతి మాట అందుకోవడం. నేర్చుకోవాల్సింది అదీ. ఏదైనా వేగంగా ఉన్న చరణం తీసుకుని ముందు మాటల్ని పాడకుండా తాళానికి చదువు, ఎక్కడెక్కడ దొంగిలించొచ్చో నీకే దొరుకుతుంది. రూమ్‌లో పందెం కట్టి ఊపిరి ఆపుకుని ప్రాక్టీస్ చెయ్యడం లాంటివి మాత్రం పెట్టుకోకు.

ఇక "హుష్" గురించి. ఊపిరికి చప్పుడెందుకొస్తుంది? దారి ఇరుకుగా ఉంటే వస్తుంది. అయ్యో లైను వచ్చేస్తోంది అని గొంతు బిగించుకుని లాగుతున్నావు. తర్వాతి మాట "ఆ"తో మొదలైతే నోరూ గొంతూ "ఆ" ఆకారంలో ముందే తెరిచి పెట్టుకుని అందులోంచి పీల్చు, చప్పుడు సగం తగ్గిపోతుంది. మ్యూజిక్ బిట్ అయిపోయే చివరి క్షణంలో కాకుండా తాళంలో ఒక మాత్ర ముందే తీసేసుకో. ఇయర్‌ఫోన్ మైకు పెదాలకి ఎదురుగా ఉంటే గడ్డం పక్కకి జరుపు, "భ", "ఫ", "ధ" వచ్చినప్పుడు ఢబ్ ఢబ్‌మని కొట్టడం కూడా పోతుంది. ఒత్తక్షరాల మీద గాలి ఎక్కువ పోతుంది కాబట్టి అవి ఉన్న లైన్లకి ఊపిరి ఇంకాస్త ముందు చూసుకోవాలి. అలా అని భావం, ధనం అన్నవాటిని బావం, దనం చేసెయ్యకు, యాప్‌లో వింటున్న తెలుగు మాస్టార్లు ఊరుకోరు. కొంచెం ఊపిరి చప్పుడు మిగిలితే మిగలనీ, అసలు లేకపోతే మిషన్ పాడినట్టుంటుంది.

నాకు చిన్నప్పట్నుంచీ ఆస్తమా. ఇన్హేలర్ వాడుతున్నాను. గుళ్లో భజన బృందంలో పాడతాను. పాడితే మంచిదని కొందరు, పాడకూడదని కొందరు అంటున్నారు. ఈమధ్య గొంతు కూడా కాస్త బొంగురుపోయింది.
– ప్రైవేటు ఉద్యోగిని, కర్నూలు

ఆస్తమా అదుపులో ఉంటే హాయిగా పాడుకోవచ్చమ్మా. పాటతో ఆస్తమా పోతుందని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మి మందులు మానెయ్యకండి. ఊపిరి నిదానంగా వదలడం అలవాటైతే ఆయాసం వచ్చినప్పుడు కంగారు తగ్గుతుంది, అంతవరకూ లాభమే.

బొంగురు గురించి ఒక మాట అడుగుతాను, ఇన్హేలర్ పీల్చాక నోరు పుక్కిలిస్తున్నారా? రోజూ వాడే ఇన్హేలర్లలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, దాని పొడి గొంతులో ఉండిపోతే బొంగురు రావచ్చు, నోట్లో తెల్లటి పూత కూడా రావచ్చు. పీల్చిన ప్రతిసారీ నీళ్లతో గొంతు దాకా గరగరలాడించి ఉమ్మెయ్యండి. స్ప్రే రకమైతే స్పేసర్ గొట్టం పెట్టుకోవచ్చేమో డాక్టర్ని అడగండి, మందు గొంతులో తక్కువ పడుతుంది. తర్వాత మీ భజనలో ఎక్కడ కూర్చుంటున్నారో చూసుకోండి. అగరొత్తులూ సాంబ్రాణీ వేసిన దగ్గర కూర్చుని నామం అందుకుంటే ఆస్తమా లేనివాళ్లకే దగ్గొస్తుంది. పక్కకి, గాలి వచ్చే వైపు జరగండి, దేవుడేమీ అనుకోడు. ఆయాసానికి వాడే ఇన్హేలర్ పర్సులో ఉండాలి, ఇంట్లో అలమరలో కాదు. బృందంలో పాడటంలో ఒక సుఖం ఉంది, మీరు లైను మధ్యలో ఊపిరి తీసుకున్నా పక్కవాళ్ల గొంతు నడుస్తూనే ఉంటుంది. అందరూ ఒకేచోట ఆగకుండా ఎవరు ఎక్కడ తీసుకోవాలో మీలో మీరు అనుకోండి.

స్కూల్లో రోజంతా పాఠాలు చెప్పి సాయంత్రం పాట నేర్చుకుంటున్నాను. "ఆ" పట్టుకుంటే ఎనిమిది సెకన్లు దాటట్లేదు, గొంతులోంచి గాలి కూడా వస్తోంది. ఊపిరి సమస్యా, గొంతు సమస్యా? మిరియాల పాలు, అతిమధురం అన్నీ అయ్యాయి.
– ఉపాధ్యాయిని, కరీంనగర్

దీనికి ఇంట్లోనే చూసుకునే చిన్న పరీక్ష ఉంది. ఒక ఊపిరి తీసి "స్స్స్" అని ఎంతసేపు వస్తుందో ఫోన్‌లో చూసుకోండి. కాసేపాగి అంతే ఊపిరితో "జ్‌జ్‌జ్", అంటే జీబ్రాలో మొదటి శబ్దం, తుమ్మెద చప్పుడు, అది ఎంతసేపు వస్తుందో చూడండి. "స్"కి స్వర తంత్రులు పని చెయ్యవు, ఊపిరి ఒక్కటే. "జ్"కి రెండూ కావాలి. రెండూ దాదాపు సమానంగా వచ్చి, రెండూ తక్కువగానే ఉంటే ఊపిరి వదిలే అలవాటు సరిచేసుకోవాలి, పైన తెనాలి ఆవిడకి చెప్పిందే మీకూ. "స్" 15 వచ్చి "జ్" ఎనిమిదో తొమ్మిదో దగ్గర ఆగిపోతోందనుకోండి, గొంతు దగ్గర గాలి కారుతోందేమోనని అనుమానించాలి. అలా ఉన్నా, లేక బొంగురు మూడు వారాలు దాటినా ఇ.ఎన్.టి. డాక్టర్ దగ్గరికి వెళ్లండి, సన్నటి గొట్టం కెమెరాతో స్వర తంత్రుల్ని చూస్తారు. టీచర్లలో అరిచి అరిచి వాటి మీద చిన్న బొడిపెలు రావడం మామూలే, తొందరగా చూపించుకుంటే చాలామందికి విశ్రాంతితో, స్పీచ్ థెరపీతోనే తగ్గుతాయి.

మిరియాల పాలు తాగండి, వెచ్చగా హాయిగా ఉంటుంది. కానీ మనం మింగేది ఏదీ స్వర తంత్రుల్ని తాకదు, తాకితే పొలమారుతుంది. వాటికి అందేది మనం రోజంతా తాగే నీళ్లు ఒంటికి పట్టినప్పుడే, లేదా ఆవిరి పట్టినప్పుడు. ఈలోగా క్లాసులో బల్ల మీద కర్రతో కొట్టండి, గొంతుతో కాదు.